పెరటి కోళ్లు - అమ్మ చేతి సొమ్ము

మన హాస్టల్లో చదువుకునేవాళ్లలో ఎక్కువమంది ఇళ్లకు పొలం లేదు. గేదెలు ఉన్న ఇళ్లు కొన్నే. కోళ్లు లేని ఇళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సెంటు భూమి లేకపోయినా ఇంటి వెనక నాలుగు గజాల జాగా ఉంటే చాలు, అక్కడ ఒక గంప, గంప కింద ఒక పెట్ట ఉంటాయి. రోజూ కళ్ల ముందు తిరిగే కోడి గురించి రాయడానికి ఏముంటుందని కొందరు మిత్రులు నవ్వారు. వార్షికోత్సవ సంచికకు వ్యాసం అంటే మహానుభావుల గురించో, కంప్యూటర్ గురించో రాయడం మనకు అలవాటు. అయినా మేము కోళ్ల గురించే రాయాలనుకున్నాం. ఎందుకంటే మనలో చాలామంది పరీక్ష ఫీజులో, బస్సు చార్జీలో, రికార్డు పుస్తకాల్లో ఒక కోడి ఉంది. ఆ కోడి ఎలా బతుకుతుందో, ఎందుకు చస్తుందో, దాన్ని ఎలా కాపాడుకోవచ్చో తెలుసుకోవడం కూడా చదువులో భాగమేనని మా అభిప్రాయం.

ఈ వ్యాసం కోసం సెలవుల్లో మా అమ్మలను, నాయనమ్మలను, పశువుల ఆసుపత్రిలో పనిచేసేవారిని అడిగి తెలుసుకున్నాం. వాళ్లు చెప్పినదాన్ని పుస్తకాల్లో ఉన్నదానితో పక్కపక్కన పెట్టి చూశాం.

ఎవరి కోళ్లు? ఎవరి సొమ్ము?

నాన్న తెచ్చే కూలి డబ్బులు ఇంటికి రాకముందే వాటికి దారులు సిద్ధంగా ఉంటాయి. బియ్యం, నూనె, పాత బాకీ, వైద్యం. అమ్మ కూలి డబ్బులు కూడా అదే దారిన పోతాయి. కోళ్ల డబ్బు అలా కాదు. గుడ్లు అమ్మినా, పుంజును అమ్మినా ఆ డబ్బు అమ్మ కొంగున ముడిపడుతుంది. కోడిని అమ్మాలంటే ఆమె ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. సంతకం అక్కరలేదు, పాస్‌బుక్కు అక్కరలేదు, వడ్డీ లేదు. పొద్దున్నే ఒక కోడిని చంకన పెట్టుకుని వీధిలోకి వెళితే మధ్యాహ్నానికి డబ్బు చేతికి వస్తుంది. పిల్లవాడు హాస్టల్ నుంచి "రేపటికల్లా ఫీజు కట్టాలంట" అని కబురు చేసినప్పుడు ఇంత త్వరగా ఆదుకునేది ఇంట్లో ఇంకొకటి లేదు.

కోడి కొనడానికి కూడా డబ్బు లేని ఇంటికి ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒకరు తమ పెట్టను మరొకరికి పెంచడానికి ఇస్తారు. అది పొదిగి దింపిన పిల్లలు పెద్దవయ్యాక ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. దీన్ని పాలుకు ఇవ్వడం అని, కొన్ని ప్రాంతాల్లో వాటాకు ఇవ్వడం అని అంటారు. కొత్తగా వేరు కాపురం పెట్టిన కోడలు, భర్త పోయిన ఒంటరి మహిళ ఈ పద్ధతిలోనే తమ మంద మొదలుపెడతారు. కాగితం లేని ఒప్పందమే అయినా ఎవరూ మాట తప్పరు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక పెట్ట ఏడాదికి మూడుసార్లు పొదిగి, ప్రతిసారీ పది పిల్లలను దింపిందనుకుందాం. మొత్తం 30 పిల్లలు. గద్దలకు, పిల్లులకు, జబ్బులకు సగం పోయాయనుకుంటే 15 మిగులుతాయి. ఇంటికి ఐదు ఉంచుకుని పది అమ్మితే, ఒక్కొక్కటి 400 రూపాయల చొప్పున 4,000 రూపాయలు వస్తాయి. ఇది ఒక్క పెట్ట మీద వచ్చేది. ఇంట్లో మూడు పెట్టలు ఉంటే ఒక పిల్లవాడి ఏడాది పై ఖర్చులు గడుస్తాయి. అదే తెగులు వస్తే ఈ లెక్క మొత్తం ఒక్క వారంలో సున్నా అవుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

కోళ్లున్న ఇంట్లో ఒక రోజు

కోళ్లున్న ఇంట్లో పని తెల్లవారుజామునే మొదలవుతుంది. పుంజు కూతతో వెలుగు వస్తుందని మన పెద్దల మాట. "నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదు" అనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలిసిందే. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో దీన్ని పరీక్షించారు. పుంజులను రాత్రీ పగలూ ఒకే రకమైన మసక వెలుతురులో ఉంచినా అవి తెల్లవారే వేళకే కూశాయి. అంటే వెలుగు చూసి మాత్రమే కూయడం లేదు, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంది.

అమ్మ లేచి వాకిలి ఊడ్చి గంప ఎత్తుతుంది. ఎత్తగానే కోళ్లను వదిలేయదు. ఒక్కొక్క పెట్టను పట్టుకుని చేత్తో తడిమి చూస్తుంది. గుడ్డు కట్టి ఉంటే ఆ పెట్టను మళ్లీ గంప కింద మూస్తుంది. లేకపోతే అది ఎదురింటివాళ్ల గడ్డివాములో గుడ్డు పెట్టి వస్తుంది, తర్వాత ఆ గుడ్డు ఎవరిదన్న తగవు వస్తుంది. మిగతావాటికి గుప్పెడు నూకలో, తవుడు కలిపిన గంజో పెట్టి వదిలేస్తుంది. అక్కడి నుంచి వాటి తిండి అవే వెతుక్కుంటాయి. పేడకుప్పలో పురుగులు, చెదలు, గడ్డి గింజలు, లేత ఆకులు, మనం పారేసిన మెతుకులు. వాటితోపాటు చిన్న రాళ్లు కూడా మింగుతాయి. కోడికి పళ్లు లేవు. మనం కూరలో ఇష్టంగా తినే కందనకాయలోనే ఆ రాళ్లు తిరగలిలా తిరిగి గింజలను నలుగగొడతాయి.

గింజలు చల్లినప్పుడు గమనించండి. అన్ని కోళ్లూ ఒకేసారి తినవు. ఒక పెద్ద పెట్ట మిగతావాటిని పొడుస్తుంది. దాని తర్వాతది తన కిందివాటిని పొడుస్తుంది. అన్నిటికంటే కిందిది అందరి చేతా పొడిపించుకుని చివరికి తింటుంది. నార్వే దేశానికి చెందిన థోర్లీఫ్ షెల్డరప్ ఎబ్బె అనే ఆయన చిన్నతనం నుంచే తమ ఇంటి కోళ్లను గమనిస్తూ, ఏది దేన్ని పొడుస్తుందో రాసిపెట్టుకునేవాడు. పెద్దయ్యాక 1921లో దాన్నే పరిశోధన వ్యాసంగా సమర్పించాడు. జంతువుల గుంపుల్లో పై వరుస, కింది వరుస ఎలా ఏర్పడతాయన్న చదువుకు అది పునాది అయింది. అన్నిటికంటే కిందున్న కోడికి అమ్మ విడిగా ఒక గుప్పెడు వేయడం మనం చూసే ఉంటాం. ఆ వరుస ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మధ్యాహ్నం కోళ్లు బూడిదలో, దుమ్ములో పడి పొర్లుతాయి. అది ఆటకాదు, స్నానం. ఆ దుమ్ము ఈకల్లోకి పోయి కోడిపేలను రాలగొడుతుంది. అందుకే పొయ్యి బూడిదను అమ్మ ఒక మూల కుప్పగా పోసి ఉంచుతుంది. సాయంత్రం చీకటి పడేసరికి అవే ఇంటికి చేరతాయి. అప్పుడు లెక్క చూసుకోవాలి. ఒకటి తక్కువైతే ఇంట్లో అందరూ టార్చిలైటు పట్టుకుని వీధులు తిరగాల్సిందే. అన్ని ఇళ్ల కోళ్లూ కలిసి తిరుగుతాయి కాబట్టి గుర్తు కోసం కాలికి గుడ్డపేలిక కడతారు. కానీ అమ్మకు పేలిక అవసరం ఉండదు. నడక చూసి తన కోడిని చెబుతుంది.

పొదుగు - ఇరవై ఒక్క రోజులు

నాటు పెట్ట వరుసగా పది నుంచి పదిహేను గుడ్లు పెట్టి, ఆపై పొదుగుకు వస్తుంది. ఈకలు ఉబ్బించుకుని, ఒక రకంగా గొణుగుతూ, గూట్లోంచి లేపితే ముక్కుతో పొడుస్తుంది. ఏడాది మొత్తం మీద అది పెట్టేది సుమారు 50 నుంచి 60 గుడ్లు. ఫారం కోడి 300 దాటి పెడుతుంది. నాటు పెట్ట తక్కువ పెట్టడానికి కారణం బద్ధకం కాదు. పొదగడానికి 21 రోజులు, పిల్లలను తిప్పడానికి రెండు మూడు నెలలు పోతాయి. ఆ కాలంలో గుడ్లు ఉండవు. పిల్లలకు నెల దాటాక వాటిని తల్లి నుంచి వేరుచేసి మేపగలిగితే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది.

పొదుగు వేసేటప్పుడు అమ్మ పాత చాటలోనో, గంపలోనో ఇసుకా బూడిదా పోసి, పైన వరిగడ్డి పరిచి పది పన్నెండు గుడ్లు పెడుతుంది. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మా ఇళ్లలో పక్కన ఒక ఇనుప ముక్క కూడా పెడతారు. ఉరుముకూ గుడ్డుకూ సంబంధం లేదు. గుడ్లు మురిగిపోవడానికి అసలు కారణాలు మూడు. మొదటిది, పుంజు కలవని గుడ్డు. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు గాని పిల్ల రావాలంటే పుంజు ఉండాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక మంచి పుంజు చాలు. రెండవది, పాతబడిన గుడ్డు. వారం పది రోజులకు మించి నిలవ ఉన్న గుడ్లు పొదుగుకు పనికిరావు. మూడవది, ఎండ. వేసవిలో గుడ్లను చల్లని చోట, తడి ఇసుక ఉన్న కుండ మీద మూకుడులో పెట్టి ఉంచితే నిలుస్తాయి.

గుడ్డు తాజాదో కాదో తెలుసుకోవడానికి చెంబులో నీళ్లు చాలు. తాజా గుడ్డు మునిగి అడ్డంగా పడుకుంటుంది. పాతబడినది నిలబడుతుంది. బాగా పాతది తేలుతుంది. పెంకుకు ఉన్న సన్నని రంధ్రాల గుండా లోపలి తేమ పోతూ ఉంటే గాలి గది పెరుగుతుంది, అందుకే తేలుతుంది. పొదుగు వేసిన ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడాలి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా కనిపిస్తే పిల్ల రానట్టు. అలాంటి గుడ్లు తీసేస్తే మిగతావాటికి తల్లి వేడి బాగా అందుతుంది.

పొదిగే పెట్ట రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే తిండికి లేస్తుంది. కడుపు కింద గుడ్లను ముక్కుతో తిప్పుతూ అన్నిటికీ సమంగా వేడి అందేలా చూస్తుంది. పట్నంలో యంత్రంతో 37.5 డిగ్రీల వేడి పెట్టి, గంటల లెక్కన గుడ్లను తిప్పించి చేసే పనిని పెట్ట ఏ కరెంటూ లేకుండా చేస్తుంది. అందుకే దాని పక్కనే నీళ్లూ గింజలూ ఉంచాలి. 21వ రోజుకు పిల్ల తన ముక్కు కొన మీద ఉండే చిన్న గట్టి బుడిపెతో పెంకును లోపలి నుంచి పగలగొట్టుకుని వస్తుంది. వచ్చే ముందు పచ్చసొన మిగులును కడుపులోకి తీసుకుంటుంది కాబట్టి మొదటి రెండు రోజులు తిండి లేకపోయినా బతుకుతుంది. ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం తల్లి ఆగగలగడానికి కారణం ఇదే.

పిల్లలు పోయేది ఎక్కడ?

పది పిల్లలు దిగితే ఐదు మిగలడం గొప్ప అని మా అమ్మలు చెప్పారు. ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే పోతాయి. పైన గద్ద, కాకి. కింద పిల్లి, కుక్క, ముంగిస, పాము. వానలో తడిస్తే చలికి పోతాయి. ఇంట్లో వేసే నూకలు పెద్ద కోళ్లు తినేస్తే పిల్లలకు మిగిలేది ఉండదు.

దీనికి పెద్ద ఖర్చు లేని ఉపాయం ఉంది. మొదటి మూడు నాలుగు వారాలు తల్లినీ పిల్లలనూ బయటికి వదలకుండా పెద్ద గంప కిందనో, వలతో కట్టిన చిన్న దడిలోనో ఉంచాలి. పిల్లలు మాత్రమే దూరేంత సందులున్న గంపను బోర్లించి దాని కింద నూకలు, నలిపిన గుడ్డుపెంకులు, చిదిపిన చెదలు పెడితే పెద్దవి తినలేవు. నీళ్లను లోతు లేని మూకుడులో పోసి మధ్యలో ఒక రాయి పెడితే పిల్లలు మునిగిపోవు. కూలికి పోయే అమ్మకు పగలంతా గద్దను కాయడం కుదరదు. ఆమె ఇంట్లో లేనప్పుడు కాపలా కాసేది ఆ దడే.

అసలు శత్రువు - కొక్కెర తెగులు

గద్ద ఒక పిల్లను ఎత్తుకుపోతుంది. కొక్కెర తెగులు మందనంతా తీసుకుపోతుంది. దీన్ని పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి అని, న్యూకాజిల్ వ్యాధి అని రాస్తారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర, జావా దీవిలో దీన్ని గుర్తించారు. ఆ తర్వాత కొద్దికాలానికే మన దేశంలో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లో ఉన్న రాణీఖేత్‌లో కనిపించింది కాబట్టి మనకు ఆ పేరుతో స్థిరపడింది. ఇది వైరస్ వల్ల వస్తుంది.

లక్షణాలు మనందరం చూసినవే. కోడి మూలకు చేరి రెక్కలు వేలాడేసి తూగుతుంది. నోరు తెరిచి గురకపెడుతుంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుకుంటుంది. కొన్నిటికి మెడ మెలితిరుగుతుంది. రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. వీధిలో ఒక ఇంట్లో మొదలైతే వారంలో వీధంతా గంపలు ఖాళీ అవుతాయి. టీకా వేయని మందలో ఒక్కోసారి ఒక్కటి కూడా మిగలదు. ఒకసారి వచ్చాక దీనికి మందు లేదు. పసుపు, వెల్లుల్లి నూరి మింగించినా, మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేసినా వైరస్‌కు అవి పనిచేయవు.

తెగులు ఎలా పాకుతుందో తెలిస్తే సగం ఆపవచ్చు. జబ్బు కోడి రెట్టలో, ముక్కు నీటిలో వైరస్ ఉంటుంది. అది చెప్పులకు, గంపకు, సంచికి అంటుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. తూగుతున్న కోడిని "చచ్చేలోపు వచ్చిన కాడికి" అని సంతకు తీసుకుపోతే ఆ సంతకు వచ్చిన పది ఊళ్లకూ తెగులు పోతుంది. చనిపోయిన కోడిని చెరువులోనో, చెత్తకుప్ప మీదనో పారేస్తే కుక్కలు, కాకులు మిగతా పని చేస్తాయి. ఆ బాధలో అమ్మను తప్పుపట్టడం సరికాదు. చేతికి వచ్చిన సొమ్ము కళ్ల ముందు పోతుంటే ఎవరైనా అలాగే చేస్తారు. అందుకే తెగులు రాకముందే ఆపడం ముఖ్యం.

ఒక సీసా, పదిహేను ఇళ్లు

రాకుండా ఆపే టీకా ఉంది. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లాసోటా టీకా ఒక చుక్క కంట్లో గాని, ముక్కులో గాని వేయాలి. ఎనిమిదో వారంలో ఆర్-టు-బి అనే టీకా చర్మం కింద ఇంజక్షన్ వేయించాలి. ఈ రెండవది అంతకంటే చిన్న పిల్లలకు వేయకూడదు. ఆ తర్వాత ఎప్పుడు మళ్లీ వేయించాలో పశువైద్యులు చెబుతారు. కోళ్ల మశూచికి కూడా టీకా ఉంది. తురాయి మీద, కళ్ల చుట్టూ కురుపులు వస్తే అమ్మవారు పోసిందని అంటారు గాని, దాన్ని ఎక్కువగా మోసుకొచ్చేవి దోమలు.

ఇంత సులువైన పని ఊళ్లలో ఎందుకు జరగడం లేదని మేము అడిగాం. జవాబు ఆలోచింపజేసింది. మొదటి కారణం, సీసా. ఒక్కో సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపడే మందు ఉంటుంది. మన ఇంట్లో ఉండేవి ఏడెనిమిది కోళ్లు. అన్ని కోళ్ల కోసం తయారైన సీసా ఒక్క ఇంటికి ఎవరు విప్పుతారు? రెండవ కారణం, చల్లదనం. టీకాలో ఉండేది బలహీనపరిచిన ప్రాణమున్న వైరస్. ఎండ తగిలితే అది చస్తుంది, చచ్చిన టీకా వేసినా వేయనట్టే. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి. కలిపిన తర్వాత రెండు గంటల్లోపు వాడేయాలి. మూడవ కారణం, వేళ. ఆసుపత్రి తెరిచి ఉండేది పగలు. పగలు అమ్మ కూలికి పోతుంది, కోళ్లు వీధుల్లో తిరుగుతుంటాయి. కోళ్లు చేతికి దొరికేది తెల్లవారుజామున, లేదా చీకటి పడ్డాక. కాబట్టి మందు ఉన్నప్పుడు కోడి ఉండదు, కోడి ఉన్నప్పుడు మందు ఉండదు.

ఈ మూడింటికీ ఒకటే పరిష్కారం, కలిసి వేయించడం. పదిహేను ఇళ్లు, ఇంటికి ఏడు కోళ్లు అంటే 105 కోళ్లు. ఒక సీసా దాదాపు సరిపోతుంది. ముందురోజే ఇంటింటికీ చెప్పి, ఆ రాత్రి కోళ్లను గంపల కింద మూయించి, తెల్లవారుజామున ఒకేసారి వేయిస్తే గంటన్నరలో వీధంతా అయిపోతుంది. ఒక్క ఇంటివాళ్లు వేయించుకుని పక్కింటివాళ్లు వేయించుకోకపోతే తెగులు వీధిలోనే ఉంటుంది. అందరూ వేయించుకుంటే వీధికే రాదు.

ఈ పనికి ఎవరు కావాలి? ఇంటింటికీ తిరిగి కోళ్ల లెక్క రాసేవాళ్లు, పశువుల ఆసుపత్రికి అర్జీ రాసి తేదీ అడిగేవాళ్లు, ఐసు పెట్టిన ఫ్లాస్కు తెచ్చేవాళ్లు, కోడిని పట్టుకునేవాళ్లు. అంటే సెలవులకు ఇంటికి వచ్చిన మనమే. వేసవిలో తెగులు ఎక్కువగా వస్తుందని మా పెద్దలు చెప్పారు. సంక్రాంతి సెలవులు దానికి సరిగ్గా ముందు వస్తాయి. కొన్ని జాగ్రత్తలు మాత్రం మరచిపోకూడదు. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయకూడదు. మందు కలిపే పాత్రకు సబ్బు, బ్లీచింగ్ తగలకూడదు. ఇంజక్షన్ తెలిసినవారే వేయాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకంటే ఆ మందు మన కంట్లో పడితే కళ్లు ఎర్రబడవచ్చు.

బర్డ్ ఫ్లూ గురించి నాలుగు మాటలు

2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల ఫారాల్లో కూడా వచ్చింది. కొక్కెర తెగులూ ఇదీ వేరు, కానీ చూడటానికి రెండూ ఒకేలా ఉండవచ్చు. ఏది ఏదో తేల్చేది పరీక్షశాల మాత్రమే. బర్డ్ ఫ్లూ మనుషులకు కూడా సోకవచ్చు కాబట్టి ఎక్కువ కోళ్లు ఒకేసారి చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకుండా, కోసుకోకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి. చనిపోయినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. పిల్లలను ఆ దగ్గరికి పోనివ్వకూడదు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఆ వైరస్ బతకదు. పచ్చిగా, సగం ఉడికినవి తినడమే ప్రమాదం.

కొత్త రకాలు, పాత పెట్టలు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో పెంచడానికే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. వనరాజా బరువుకూ గుడ్లకూ రెండింటికీ పనికివస్తుంది. గ్రామప్రియ గుడ్లకు మంచిది. నాటు పెట్ట కంటే రెండింతలకు పైగా గుడ్లు వస్తాయి. అయితే ఒక సంగతి తెలిసి తెచ్చుకోవాలి. వీటికి పొదుగు గుణం చాలా తక్కువ. పిల్లలకు తల్లి ఉండదు కాబట్టి మొదటి ఆరు వారాలు బల్బు వేడితో, టీకాలతో పెంచాలి. ఆ తర్వాతే పెరట్లోకి వదలాలి. రోజు వయసు పిల్లలను తెచ్చి నేరుగా వీధిలోకి వదిలితే ఒక్కటీ దక్కదు. వనరాజా గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించే ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి కొత్తది వచ్చిందని పాత పెట్టను అమ్మేయడం తెలివైన పని కాదు.

నాటు గుడ్డులో బలం ఎక్కువని, మన హాస్టల్లో పెట్టే ఫారం గుడ్డులో ఏమీ ఉండదని చాలామంది అనుకుంటారు. పోషకాల్లో పెద్ద తేడా లేదు. మామూలు ఫారం గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నాటు గుడ్డు కొంచెం చిన్నది. పచ్చసొన ముదురు రంగుకు కారణం కోడి తిన్న ఆకుకూర. పెంకు రంగుకు కారణం జాతి. అందుచేత హాస్టల్లో గుడ్డును వదిలేయకుండా తినాలి. ఇంటి దగ్గర మాత్రం నాటు గుడ్డుకు ఎక్కువ ధర వస్తుంది కాబట్టి అమ్మ దాన్ని అమ్మి, తను తినడం మానేస్తుంది. అన్ని గుడ్లూ అమ్మకుండా చెల్లెలికీ, తనకూ కొన్ని ఉంచమని చెప్పవలసింది మనమే.

చివరిగా

సెలవులకు ఇంటికి వెళ్లగానే మన కోసం అమ్మ ఒక కోడిని కోస్తుంది. వద్దంటే వినదు. ఆ కోడిని అమ్మితే తనకు ఒక చీర వచ్చేదని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. ఆ కూర తిన్న మనం తిరిగి చేయగలిగినది కొంత ఉంది. మిగిలిన కోళ్లు వేసవి దాటేలా చూడటం.

అందుకే మిత్రులకు మా మనవి ఇది. ఈసారి సంక్రాంతి సెలవుల్లో మీ వీధిలో పదిహేను ఇళ్ల పేర్లు, కోళ్ల లెక్క ఒక నోటుపుస్తకంలో రాయండి. పశువైద్యశాలకు వెళ్లి టీకా ఎప్పుడు వేస్తారో అడగండి. ఆ రోజు తెల్లవారుజామున గంపల దగ్గర ఉండండి. మీ అమ్మకు తెలిసిన పొదుగు సంగతులు, తెగులు సంగతులు కూడా అదే పుస్తకంలో రాసుకోండి. ఆమె అక్షరం రానిదైనా, ముప్పై ఏళ్లుగా కోళ్లను చూసి నేర్చుకున్నది ఏ పాఠంలోనూ దొరకదు. దానికి మనం చదివిన నాలుగు ముక్కలు తోడైతే వేసవి తర్వాత కూడా మన పెరట్లో గంప కింద పెట్ట ఉంటుంది, అమ్మ కొంగున నాలుగు రూపాయలు ఉంటాయి.